మామ్మగారి పడక కుర్చీ నుంచి మొదలైన హోమ్ థియేటర్ అప్‌గ్రేడ్: సత్యనారాయణపురం హాల్ కేసు

పోయిన మే నెలలో చేసిన పని ఇది. విజయవాడ సత్యనారాయణపురంలో ఇండిపెండెంట్ ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్ హాల్. ఇంటాయన బ్యాంకులో చేసి రిటైర్ అయ్యారు, ఇంట్లో ఆయనా, ఆవిడా, 80 దాటిన వాళ్లమ్మగారూ ఉంటారు. ఫోన్‌లో ఆయన అడిగింది ఒకటే, "బాబూ, మా 5.1ని 7.1.4 చెయ్యాలంటే ఎంతవుద్ది?" 5.1 అంటే చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, అంటే బేస్ స్పీకర్. 7.1.4 అంటే చుట్టూ ఏడు, ఒక సబ్‌వూఫర్, సీలింగ్‌కి నాలుగు. అప్పటికే ఒకళ్లు మూడున్నర లక్షలకి కొటేషన్ ఇచ్చారంట, అది కూడా వాట్సాప్‌లో పంపారు. నేను దాని గురించి ఏం మాట్లాడకుండా, రేపు సాయంత్రం వస్తానండి, మీరు మామూలుగా ఎలా చూస్తారో అలాగే టీవీ చూస్తూ ఉండండి, నేను పక్కన కూర్చుంటా అన్నా.

వెళ్లి అరగంట కూర్చున్నా. సినిమా నడుస్తోంది, రిమోట్ మామ్మగారి చేతిలో ఉంది. మాటలొచ్చినప్పుడు వాల్యూమ్ 34కి పెంచుతున్నారు, పాటో ఫైటో రాగానే 18కి దించేస్తున్నారు, ఆ అరగంటలో పది పన్నెండు సార్లు అదే పని. నా వైపు తిరిగి "మాటలు వినపడవు నాయనా, పాటొస్తే గుండెలదురుతాయి" అన్నారు. నా నోట్‌బుక్‌లో ఈ కేసు మొదటి లైన్ అదే రాసుకున్నా, ఎందుకంటే ఆ మాటలో కంప్లయింట్ మొత్తం ఉంది. ఇంకో నాలుగు స్పీకర్లు సీలింగ్‌కి బిగిస్తే ఈ కంప్లయింట్ అంగుళం కూడా తగ్గదు. ఛానెళ్లు పెంచడం వేరు, బాధ తీర్చడం వేరు.

ముందు ఉన్న సామాను సంగతి చెప్తా. పదేళ్ల కిందట కొన్న ఒకటే డబ్బా సెట్, డీవీడీ ప్లేయరూ యాంప్లిఫయరూ కలిసి ఉండే రకం, మీద పెద్దక్షరాలతో 1000 వాట్లు అని ఉంది. వెనక్కి తిప్పి స్టిక్కర్ చూపించా ఆయనకి, పవర్ కన్సంప్షన్ 95 వాట్లు అని ఉంది. గోడలోంచి 95 లాగేది బయటికి 1000 ఎక్కణ్ణుంచి ఇస్తుందండీ అంటే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండు సార్లు చదివారు. ఆ 1000 అనేది శబ్దం చెడిపోయే 10 శాతం డిస్టార్షన్ దగ్గర, ఒక్కో ఛానెల్ విడిగా నడిపి కొలిచి, అన్నీ కూడి రాసే లెక్క. స్పీకర్ల వెనక 3 ఓమ్స్ అని ఉంది, ఈ పాయింట్ తర్వాత పనికొస్తుంది.

టీవీ నుంచి ఆ డబ్బాకి ఆప్టికల్ కేబుల్ ఉంది. టీవీ సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్ చూస్తే పీసీఎం మీద ఉంది, అంటే ఇన్నేళ్లూ టీవీ అన్నిటినీ రెండు ఛానెళ్లకి కుదించి పంపుతోంది, డబ్బా ఆ రెండిటినే ఐదు స్పీకర్లకీ పంచి 5.1 అనిపిస్తోంది. ఛానెళ్లని కుదించకుండా ఉన్నదున్నట్టు పంపే బిట్‌స్ట్రీమ్‌కి మార్చా, సెట్‌టాప్ బాక్సులో కూడా ఆడియోని డాల్బీ డిజిటల్ చేశా, డబ్బా ముందు డాల్బీ లైటు వెలిగింది. పదేళ్లలో ఆ లైటు వెలగడం మొదటిసారి చూస్తున్నామన్నారు ఆవిడ. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, మాటలు కొంచెం ముందుకొచ్చాయి. అప్‌గ్రేడ్ చేద్దామనుకునే ప్రతి ఒక్కరూ ముందు ఇది చూసుకోండి దయచేసి, నేను వెళ్లిన ఇళ్లల్లో చాలా చోట్ల ఇదే కథ.

కానీ దాంతో పూర్తిగా తీరలేదు. మాటలొచ్చే సెంటర్ స్పీకర్లో ఉన్నది 2.5 అంగుళాల చిన్న డ్రైవర్ (శబ్దం పుట్టించే కోన్), అది కూడా షోకేసు అరలో ఒక అడుగు లోపలికి తోసి ఉంది, ముందు కొండపల్లి బొమ్మలు. వెనక ఎడమ స్పీకర్ అసలు పలకట్లేదు. దాని వైరు సన్న దారంలాంటిది, 22 గేజ్ ఉంటుంది (గేజ్ అంకె పెరిగే కొద్దీ వైరు సన్నం), క్లిప్పులోంచి బయటికి లాగితే కొస నల్లబడిపోయి ముట్టుకుంటే పొడిగా రాలింది. ఆ వైరు గోడ చుట్టూ తిరిగి 12 మీటర్లు పోతోంది, పోనూ రానూ 24 మీటర్లు, అంటే వైరు రెసిస్టెన్సే దాదాపు 1.3 ఓమ్స్. 3 ఓమ్స్ స్పీకర్‌కి అంత వైరు వేస్తే పవర్‌లో మంచి భాగం వైరు వేడెక్కడానికే పోతుంది. అదే దూరం 14 గేజ్ రాగి వైరు వేస్తే 0.2 ఓమ్స్ మాత్రమే.

ఇంక గది. ఈ కేసులో నాకు ఎక్కువ టైం పట్టింది ఇక్కడే. హాల్ కొలతలు పొడుగు 20 అడుగులు, వెడల్పు 13, ఎత్తు 10. కింద విట్రిఫైడ్ టైల్స్, పైన స్లాబ్, ఒక పక్కంతా కిటికీ అద్దాలు, గోడలకి మెత్తటిదంటూ ఏమీ లేదు. చప్పట్లు కొడితే టింగ్ మని తిరిగి వస్తోంది. పొడుగు ఎత్తుకి సరిగ్గా రెట్టింపు ఉందని టేపు పట్టుకోగానే నాకు అనుమానం వచ్చింది. ఎందుకంటే రెండు గోడల మధ్య శబ్దం నిలబడిపోయే ఫ్రీక్వెన్సీ, శబ్ద వేగాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది, దీన్నే గది మోడ్ అంటారు. 10 అడుగుల ఎత్తుకి అది 56 హెర్ట్జ్. 20 అడుగుల పొడుగుకి 28, దాని రెట్టింపు దగ్గర కూడా శబ్దం నిలబడుతుంది, అది మళ్లీ 56. రెండూ ఒకే చోట వచ్చి కూర్చున్నాయి. ల్యాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలిచే సాఫ్ట్‌వేర్ పెట్టి, యూమిక్ అనే కొలిచే మైకు సోఫాలో తల ఉండే చోట నిలబెట్టి స్వీప్ (కింది బేస్ నుంచి మెల్లగా పైకి వెళ్లే టెస్ట్ శబ్దం) వేస్తే 56 దగ్గర చుట్టుపక్కల కంటే 11 డీబీ (డెసిబెల్స్) పైకి లేచిన కొండ కనపడింది. మామ్మగారి గుండెలదిరేది ఇదే. పాటలో డప్పూ బేసూ ఆ ఏరియాలోనే ఉంటాయి, 10 డీబీ ఎక్కువంటే చెవికి దాదాపు రెట్టింపు శబ్దం కింద లెక్క.

ఆ స్వీప్ వేస్తుంటే ఇంకోటి జరిగింది. 15 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి వెళ్తుంటే ఒక చోట సన్నగా జిర్ర్ మని గలగలలాడింది, ముందు స్పీకర్ చినిగిందేమో అనుకున్నా. మళ్లీ వేశా, మళ్లీ అదే చోట. మూడోసారి వేసినప్పుడు ఇంటావిడ "అది మా దేవుడి గది తలుపండీ" అన్నారు. హాల్‌కి ఆనుకునే పూజ గది, టేకు తలుపుకి చిన్న చిన్న గళ్లల్లో ఇత్తడి గంటలు, 28 గంటలున్నాయి. గది మోడ్‌కి తలుపు పలక వణికి గంటలన్నీ ఒకేసారి మోగుతున్నాయి. ఇన్నాళ్లూ పాటల్లో వినపడే ఆ గరగరని వాళ్లు సబ్‌వూఫర్ పాడైందనుకున్నారంట. తలుపు మూసినప్పుడు గొళ్లెం వదులుగా ఉంటోంది, దాన్ని బిగించి, తలుపు అంచుకి ఫెల్ట్ పట్టీ అంటించా. గంటలు చేత్తో కదిపితే మోగుతాయి, బేసుకి మోగవు. పూజకి ఇబ్బంది రాకూడదని ఆవిడని నాలుగుసార్లు మోగించి చూడమన్నా.

సోఫా వెనక గోడకి ఆనించి ఉంది, మన ఇళ్లల్లో అంతా అంతే. గోడ దగ్గర ఏ మోడ్ అయినా ఫుల్ ప్రెషర్‌లో ఉంటుంది. లెక్క ప్రకారం తల గోడకి 3 అడుగులు ముందుకొస్తే పొడుగు వల్ల వచ్చే 56 సుమారు 4.5 డీబీ తగ్గాలి. జరిపించడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది, హాల్ ఇరుకవుద్దని ఆవిడ ఒప్పుకోలా. ఇవాళ్టికి జరుపుదాం, నచ్చకపోతే నేనే వెనక్కి నెట్టేసి వెళ్తానని చెప్పి జరిపి అదే పాట వేశా. ఆవిడే "ఉంచేయండి, వెనకాల అత్తయ్యగారి పుస్తకాల బీరువా పెట్టుకుంటాం" అన్నారు. ఆ పుస్తకాల బీరువా వెనక గోడకి రావడం నాకు బోనస్, ఎగుడుదిగుడు పుస్తకాలు శబ్దాన్ని చెదరగొడతాయి.

మామ్మగారు మాత్రం సోఫాలో కూర్చోరు. ఆవిడ సీటు సోఫాకి ఎడమ పక్కన పడక కుర్చీ, టీవీకి బాగా పక్కగా, సుమారు 30 డిగ్రీల కోణంలో. ఇది నేను మొదట తేలిగ్గా తీసుకున్నా, అది తప్పు. మధ్యలో కూర్చునే వాళ్లకి లెఫ్ట్, రైట్ స్పీకర్లు రెండూ కలిసి గొంతుని మధ్యలో నిలబెడతాయి కానీ పక్కకి జరిగితే ఆ గొంతు దగ్గర్లో ఉన్న స్పీకర్‌కి అతుక్కుపోతుంది, అందుకే పక్కన కూర్చునే మనిషికి నిజమైన సెంటర్ స్పీకర్ ప్రాణం. సరే అని డెమో కోసం ఒక సెంటర్ తీసుకెళ్లా, అందరూ అమ్మేదే, మధ్యలో ట్వీటర్ (సన్నటి శబ్దాలకి), అటూ ఇటూ రెండు ఊఫర్లు (బరువు శబ్దాలకి). సోఫాలో అద్భుతం. పడక కుర్చీలో కూర్చుని వింటే నేనే మాటలు సరిగా పట్టుకోలేకపోయా, కంబళి కప్పినట్టు ఉంది. కొలిస్తే 1400 హెర్ట్జ్ దగ్గర గొయ్యి. రెండు ఊఫర్ల మధ్య దూరం 24 సెంటీమీటర్లు, 30 డిగ్రీల పక్కన కూర్చుంటే ఒకదాని శబ్దం 12 సెంటీమీటర్లు ఆలస్యంగా వస్తుంది, 1400 దగ్గర అది సరిగ్గా సగం తరంగం, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మనిషి గొంతు స్పష్టత ఉండే ఏరియాలో గొయ్యి పడితే ఎన్ని వాట్లున్నా ఏం లాభం.

వెనక్కి ఇచ్చేసి ఇంకోటి తెచ్చా, దాంట్లో కూడా రెండు ఊఫర్లే కానీ మధ్యలో ట్వీటర్ కింద నిలువుగా చిన్న మిడ్‌రేంజ్ ఉంటుంది, ఊఫర్లు 500 హెర్ట్జ్ లోపే ఆగిపోతాయి. గొయ్యి పోయింది. రేటు 9 వేలు ఎక్కువ, ఆ 9 వేలు ఈ ఇంట్లో పెట్టిన అన్ని రూపాయల్లోకీ విలువైనవని నా అభిప్రాయం. కొండపల్లి బొమ్మల్ని పై అరకి మార్చి, సెంటర్‌ని అర అంచు దాకా ముందుకి లాగి, కింద తలుపులకి పెట్టే రబ్బరు స్టాపర్లు రెండు పెట్టి మొహం కొంచెం పైకెత్తా, ట్వీటర్ పడక కుర్చీలో కూర్చున్న చెవి ఎత్తుకి గురి చూసేలా. ఫ్రంట్ స్పీకర్లు కూడా అదే కంపెనీ అదే సిరీస్ తీసుకున్నాం. మూడూ ఒకే గొంతుతో పలకాలి, లేకపోతే తెర మీద మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే మధ్యలో గొంతు మారినట్టు ఉంటుంది.

పాత స్పీకర్లు వాడుకోవచ్చా అని ఆయన అడిగారు, అందరూ అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. పాత డబ్బా బదులు రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫయర్) కొత్తది పెడుతున్నాం, వాటి 3 ఓమ్స్‌కి అది సరిపోదు, మామూలు రిసీవర్లు 6 ఓమ్స్ పైన అని చూసుకుని తయారుచేస్తారు, అంతకంటే తక్కువ ఓమ్స్ స్పీకర్ కరెంటు ఎక్కువ లాగి రిసీవర్ వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి పోతుంది. పాత సబ్‌వూఫర్ కూడా పనికిరాదు, దాంట్లో యాంప్లిఫయర్ లేదు, డబ్బాలోంచే పవర్ వెళ్లేది, రిసీవర్ మాత్రం సబ్‌కి సిగ్నల్ ఒక్కటే ఇస్తుంది. ఈ సంగతి తెలియక రిసీవర్ కొనేసి తర్వాత తల పట్టుకున్న వాళ్లని చూశా, అందుకే చెప్తున్నా.

సబ్ కొత్తది, 12 అంగుళాలది, సొంత యాంప్ ఉన్నది. దాన్ని మూలన పెడితే గదిలో మోడ్‌లన్నీ ఒకేసారి లేస్తాయి. సబ్‌ని సోఫా మీద తల ఉండే చోటికి ఎత్తి పెట్టి, బేస్ పాట తిప్పి తిప్పి వేస్తూ, నేను గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ విన్నా, ఎక్కడ బేస్ సమంగా వినపడితే అక్కడ సబ్ పెడతాం. కుడి గోడ పక్కన, ముందు గోడకి 5 అడుగుల దగ్గర ఒక్కసారిగా ఉరుము తగ్గి నోట్లు విడివిడిగా వినపడ్డాయి. లెక్క వేసినా అదే వస్తుంది, 20 అడుగుల్లో నాలుగో వంతు 5, అక్కడ పొడుగు వల్ల వచ్చే 56 పుట్టదు. చెవీ లెక్కా ఒకే చోట కలిసినప్పుడు నాకు కలిగే ఆనందం ఇంకెందులోనూ ఉండదు. సోఫా, సబ్ రెండూ జరిపాక 56 కొండ 11 నుంచి 4 డీబీకి దిగింది, ఇంకా ఒక్క బటన్ నొక్కకుండానే.

వైరు దగ్గర ఒక దెబ్బ తిన్నాం. హడావిడిలో ఒక చోట 14 గేజ్ ప్యూర్ కాపర్ అని రాసి ఉన్న కట్ట తెచ్చా, చేతికి తేలిగ్గా అనిపించి బ్లేడుతో ఒక పోగు గీరితే పైన ఎర్రగా లోపల తెల్లగా వెండిలాగా ఉంది, అల్యూమినియం మీద రాగి పూత. దానికి రెసిస్టెన్స్ రాగి కంటే బాగా ఎక్కువ, వంచితే పుటుక్కున విరుగుతుంది, కొసలు తొందరగా తుప్పు పట్టేస్తాయి. కట్ట మొత్తం పక్కన పెట్టేసి వేరే చోట తెచ్చా. కొనే ముందు ఒక పోగు గీరి చూసుకోండి, అమ్మేవాళ్లు ఏమన్నా అనుకోనీండి. గోడలు పగలగొట్టే పని లేకుండా బీమ్ కింద కేసింగ్ పట్టీలో వైర్లు పోనిచ్చి సున్నం రంగే వేయించా.

సౌండ్ ప్యానెళ్ల సంగతికొస్తే కోడిగుడ్ల అట్టలు, అంగుళం ఫోమ్ ముక్కలు అంటించుకోవద్దు, అవి పై ఫ్రీక్వెన్సీలనే కాస్త తింటాయి, గది ఇంకా మొద్దుగా అవుద్ది. మేం క్యూబిక్ మీటరుకి 48 కేజీల డెన్సిటీ రాక్‌వూల్ (శబ్దం పీల్చే రాతి నార పలక), 2 అంగుళాల మందం, నాలుగు ఫ్రేములు చేయించాం. ఇవి 56 హెర్ట్జ్‌ని ఏమీ చెయ్యవు, ఆ తరంగం పొడుగు 6 మీటర్లు, 2 అంగుళాలు దానికి లెక్కలోకి రావు, ఇవి మాటల ఏరియాలో వచ్చే ప్రతిధ్వని కోసం. ఎక్కడ పెట్టాలంటే ఒకరు సీట్లో కూర్చోవాలి, ఇంకొకరు గోడ మీద అద్దం జరుపుకుంటూ పోవాలి, అద్దంలో స్పీకర్ ఎక్కడ కనపడితే అక్కడ ప్యానెల్. ఇంటాయన కూర్చుంటే నేను బాత్రూం అద్దం పట్టుకుని జరిగా. పైన కప్పడానికి బట్ట అడిగితే మామ్మగారు పెట్టెలోంచి తన పాత మంగళగిరి నేత చీరలు రెండు తీసిచ్చారు. ప్యానెల్ బట్టకి పరీక్ష ఒకటే, నోటికి అడ్డంగా పట్టుకుని ఊదితే గాలి సాఫీగా పోవాలి. మంగళగిరి నూలు సాఫీగా పోనిచ్చింది. నిజాం బార్డర్ పైకీ కిందకీ వచ్చేలా వడ్రంగి చాలా నీట్‌గా లాగి బిగించాడు, ఇప్పుడు వచ్చిన వాళ్లు వాటిని బొమ్మలనుకుంటున్నారు. కిటికీలకి మందపాటి కర్టెన్లు, కింద ఒక తివాచీ, అంతే.

రిసీవర్ 7.2 (ఏడు ఛానెళ్లు, రెండు సబ్‌లకి అవుట్‌పుట్), అట్మాస్ (పై నుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి) ఉన్నది. ప్రస్తుతం 5.1 మాత్రమే నడుస్తుంది, మిగిలిన రెండు ఛానెళ్లు తర్వాత సీలింగ్‌కి. టీవీకి ఏఆర్సీ (హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే టీవీ సౌండ్ రిసీవర్‌కి వచ్చే దారి) ఉంది, దానికంటే ఎక్కువ మోసే ఈఏఆర్సీ లేదు, పర్లేదు, ఓటీటీలో అట్మాస్ వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్‌లోనే, దాన్ని ఏఆర్సీ మోస్తుంది. బ్లూరే ప్లేయర్ కొన్నప్పుడు నేరుగా రిసీవర్‌కే పెట్టుకుంటే చాలు, టీవీ మార్చక్కర్లేదని చెప్పా.

కేలిబ్రేషన్, అంటే రిసీవర్ మైకుతో గదిని విని స్పీకర్లని సర్దుకునే పని, రాత్రి 11కి పెట్టుకున్నాం. మే నెల విజయవాడలో ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్గు తియ్యాలి, ఆ గొడవంతా ఆగితేనే మైకు సరిగా వింటుంది. ఐదో పొజిషన్ దగ్గర కరెంటు పోయింది, మళ్లీ మొదటి నుంచి. మైకు సోఫా వీపు మీద పెట్టకుండా ట్రైపాడ్ మీద, చెవి ఎత్తులో, ఎనిమిది చోట్ల తీశాం, అందులో మూడు పడక కుర్చీ చుట్టూనే. అయ్యాక రిసీవర్ ఫ్రంట్ స్పీకర్లని లార్జ్ అని పెట్టుకుంది, అంటే కింది బేసు కూడా వాటికే పంపుతుంది, దాన్ని స్మాల్ చేసి క్రాసోవర్ (బేస్ పంచే గీత) 80 హెర్ట్జ్ పెట్టా, అంతకంటే కింది పనంతా సబ్‌ది. సబ్ ఉన్నది 9 అడుగుల దూరంలో అయితే రిసీవర్ 14 అని చూపించింది, అది తప్పు కాదు, సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ చేసే ఆలస్యాన్ని కూడా దూరం కింద లెక్కేసుకుంటుంది, టేపు పెట్టి కొలిచి మార్చేయొద్దు. రాత్రి పూట కోసం డైనమిక్ రేంజ్ (మెల్లటి, గట్టి శబ్దాల మధ్య తేడా) తగ్గించే సెట్టింగ్ కూడా రిమోట్‌లో ఒక బటన్‌కి పెట్టిచ్చా.

ఖర్చు మొత్తం 1,62,000. సెంటర్, ఫ్రంట్ స్పీకర్లు కలిపి 58 వేలు, రిసీవర్ 46, సబ్ 36, సరౌండ్లు (వెనక స్పీకర్లు) 12, వైర్లూ ప్యానెళ్లూ పట్టీలూ కలిపి 10 వేలు.

ఆగస్టులో ఒకసారి ఫోన్ వచ్చింది, సబ్‌లోంచి సన్నగా హమ్ వస్తోందని. వెళ్లి ఒక్కో కేబుల్ తీసుకుంటూ పోతే కేబుల్ టీవీ వైరు సెట్‌టాప్ బాక్సు నుంచి ఊడదీయగానే ఆగిపోయింది. వీధిలోంచి వచ్చే ఆ వైరు ఎర్తూ, ఇంటి ఎర్తూ వేరు వేరు, రెండిటి మధ్య తేడాకి 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతోంది. ఆ కేబుల్ టీవీ లైన్‌కి ఒక ఐసొలేటర్ (సిగ్నల్ పోనిచ్చి ఎర్త్ లింకు తెంచేది) పెడితే పోయింది. సబ్ ప్లగ్గుకి ఉన్న మూడో పిన్ను (ఎర్త్) విరిచేస్తే కూడా హమ్ పోతుంది, చాలా మంది అదే చేస్తారు, ప్రాణం మీదకి వచ్చే పని, ఎవరు చెప్పినా చెయ్యొద్దు.

ఆ రోజు కూడా ఒక గంట కూర్చుని వాళ్లతో సినిమా చూశా. వాల్యూమ్ ఒకే అంకె మీద ఉంది. రిమోట్ టీపాయ్ మీద ఉంది, మామ్మగారు చేతిలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చూస్తున్నారు. సీలింగ్ స్పీకర్ల వైర్లు బీమ్ పట్టీలో చుట్ట చుట్టి ఉంచా, సంక్రాంతికి కొడుకు వచ్చాక పెట్టించుకుంటామన్నారు.